యూనివర్సిటీ ఉద్యోగంలో సెక్యూరిటీ అంటే పాస్‌వర్డ్ కంటే ముందు మొహమాటం సంగతి చూసుకోవాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. స్టేట్ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి మూడు నెలలు, క్లాసులతో పాటు ఎగ్జామ్ బ్రాంచ్ డ్యూటీ కూడా తగిలించారు, ఐటీ సెల్ వాళ్ళు "బలమైన పాస్‌వర్డ్ పెట్టుకోండి, అనుమానం ఉన్న లింకులు నొక్కకండి" అని ఒక పేజీ సర్క్యులర్ ఇచ్చి సంతకం తీసుకున్నారు, మరి రోజూ నిజంగా చెయ్యాల్సింది ఏంటి, పైగా హెచ్‌ఓడీ గారు మార్కుల పోర్టల్ పాస్‌వర్డ్ అడుగుతున్నారు ఇవ్వకపోతే ఏమనుకుంటారో అని, ఇదీ మీ బాధ. నేను ఒక యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో 19 ఏళ్ళు చేసా, మెయిలు, రిజల్ట్స్, వైఫై, ఎవరి ప్రింటర్ ఆగినా సరే అన్నీ మా నెత్తినే. కాబట్టి కొంచెం పెద్ద సమాధానమే వస్తుంది, టీ పక్కన పెట్టుకుని చదవండి.

ముందు హెచ్‌ఓడీ గారి సంగతి. ఇవ్వకండి. ఎందుకో ఒక్క ముక్కలో చెప్తే మీకు ధైర్యం రాదు కాబట్టి జరిగింది చెప్తా.

రీవాల్యుయేషన్ సీజన్‌లో ఒకసారి ఒక స్టూడెంట్ మార్కులు పోర్టల్‌లో 28 నుంచి 48 అయ్యాయి, ఆన్సర్ బుక్‌లో మాత్రం 28 అలాగే ఉంది. లాగ్, అంటే ఎవరి ఐడీతో ఎప్పుడు ఏం మార్చారో సిస్టమ్ రాసుకునే చిట్టా, తీస్తే ఒక సీనియర్ అసిస్టెంట్ ఐడీ, శనివారం సాయంత్రం 7 గంటల 40 నిమిషాలు. ఆయన ఆ టైంలో మేనకోడలి పెళ్ళిలో వడ్డన దగ్గర ఉన్నారు, ఫోటోలున్నాయి, పాపం శుభలేఖ కూడా తెచ్చి కమిటీకి చూపించారు. కానీ ఏం లాభం, పాస్‌వర్డ్ కీబోర్డ్ కింద చీటీ మీద ఉండేది, సెక్షన్‌లో ఆరుగురికి తెలుసు, ఇంకా ఎవరెవరికి చెప్పారో ఆయనకే గుర్తులేదు. "నువ్వు చెయ్యలేదు సరే, మరి ఎవరు చేసారో చెప్పు" అని అడిగితే ఏం చెప్తాడు మనిషి. దొంగ అని ఎవరూ అనలేదు గానీ ఇంక్రిమెంట్ ఆగింది, ప్రమోషన్ ఫైలు రెండేళ్ళు కదల్లేదు. ఎవరు మార్చారో ఇప్పటికీ తేలలేదు. ఆయన చేసిన తప్పల్లా ఎవరైనా "కొంచెం అర్జెంటండీ" అంటే కాదనలేకపోవడం.

నేను చూసినంతలో మన యూనివర్సిటీల్లో సినిమాల్లో చూపించినట్టు నల్ల స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు పరిగెత్తించి ఎవడూ లోపలికి రాడు. పెద్దాయన అడిగారు కదా అని ఇచ్చేస్తాం, పక్క సెక్షన్ అమ్మాయి కదా అని లాగిన్ అయ్యే ఉన్న సిస్టమ్ వదిలేస్తాం, వీసీ గారి మెసేజ్ కదా తిరిగి ఫోన్ చేసి అడిగితే ఏం బాగుంటుంది అనుకుంటాం. దాన్ని మనం మర్యాద అంటాం, మోసగాడికి మాత్రం అదే తలుపు.

హెచ్‌ఓడీ గారికి "ఇవ్వను సార్" అని మొహం మీద చెప్పక్కర్లేదు, అలా చెప్పి మీరు ఆ డిపార్ట్‌మెంట్‌లో బతకలేరని నాకూ తెలుసు. "సార్, మీ పేరు మీదే చూడ్డానికి మాత్రమే పనికొచ్చే ఒక వ్యూ లాగిన్ అడుగుదాం, ఎగ్జామ్స్ కంట్రోలర్ గారికి లెటర్ నేను డ్రాఫ్ట్ చేసి తెస్తా, మీరు సంతకం పెడితే చాలు, నా లాగిన్‌లో మీరు చూస్తుంటే రేపు ఏదైనా తేడా వస్తే లాగ్‌లో నా పేరు పడుద్ది, మిమ్మల్ని కూడా పిలుస్తారు" అనండి. పని మీరే చేసి పెడుతున్నారు కాబట్టి పెద్దాయనకి అవమానం అనిపించదు, ఆ చివరి ముక్క వినగానే సగం మంది వాళ్ళే వద్దులే అంటారు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈరోజే మార్చెయ్యండి, అడిగితే "సిస్టమే మార్చమంది సార్" అనండి, ఈ ఒక్క అబద్ధానికి పాపం అంటదు.

ఇదే లెక్క డబ్బు దగ్గర ఇంకా గట్టిగా పనిచేస్తుంది. రేపు మీకు ఏదైనా రీసెర్చ్ ప్రాజెక్ట్ వస్తే పీఎఫ్‌ఎంఎస్‌లో, అంటే కేంద్రం డబ్బులు నడిచే పోర్టల్‌లో, మేకర్, చెకర్ అని రెండు లాగిన్లు ఉంటాయి, ఒకరు బిల్లు ఎక్కించాలి, ఇంకొకరు చూసి ఓకే చెయ్యాలి, ఒకే మనిషి చేతిలో రెండూ ఉండకూడదనే ఆ ఏర్పాటు. కానీ చాలాచోట్ల ప్రాజెక్ట్ ఫెలో దగ్గరే రెండు పాస్‌వర్డులూ ఉంటాయి, డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ ఆ టేబుల్ సొరుగులోనే ఉంటుంది, పిన్ నంబర్ డాంగిల్‌కే స్టిక్కర్ వేసి అంటించి ఉంటుంది. నేను కళ్ళారా చూసా, స్టిక్కర్ మీద సెల్లోటేప్ కూడా వేసారు చెరిగిపోకుండా. ఆ డాంగిల్ అంటే మీ సంతకం అండి, చెక్కు బుక్ అన్నీ సంతకాలు పెట్టేసి సొరుగులో పడేసినట్టే.

ఇక వీసీ గారి వాట్సాప్. ఇది దేశమంతా నడిచిన మోసమే, వైస్ ఛాన్సలర్లు, డైరెక్టర్ల ఫోటోలు డీపీగా పెట్టి కొత్త నంబర్ నుంచి స్టాఫ్‌కి మెసేజ్ వస్తుంది. మా దగ్గర ఎలా వచ్చిందో చెప్తా. ఉదయం పదకొండుకి "హలో, హౌ ఆర్ యు, వేర్ ఆర్ యు నౌ" అని వచ్చింది ఒక ప్రొఫెసర్ గారికి. డీపీలో వీసీ గారు కాన్వొకేషన్ గౌనులో ఉన్నారు, ఆ ఫోటో మా వెబ్‌సైట్‌లోదే. ఈయన "గుడ్ మార్నింగ్ సర్, ఇన్ ద డిపార్ట్‌మెంట్ సర్" అన్నారు. "నేను ఇంపార్టెంట్ మీటింగ్‌లో ఉన్నా, కాల్ మాట్లాడలేను, నాలుగు అమెజాన్ గిఫ్ట్ కార్డులు కావాలి ఒక్కోటి పదివేలు, సాయంత్రం రీయింబర్స్ చేస్తా". ఈయన మూడు కొని కోడ్‌లు పంపేసి నాలుగోదానికి కార్డ్ లిమిట్ అయిపోతే అప్పుడు నాకు ఫోన్ చేసారు, ఎందుకో తెలుసా, మోసమేమో అని కాదు, "మీ క్రెడిట్ కార్డ్ ఉందా, వీసీ గారికి అర్జెంట్‌గా కావాలట" అని. వీసీ గారు ఆ టైంలో మా కింద ఫ్లోర్‌లోనే ఉన్నారు.

అందులో మూడు గుర్తులున్నాయి. కొత్త నంబర్, తొందర, "కాల్ చెయ్యొద్దు". మూడోది వచ్చిందంటే ఇంక ఆలోచించక్కర్లేదు, పేషీకి ఇంటర్‌కమ్ చెయ్యండి లేదా పాత నంబర్‌కి కాల్ చెయ్యండి. డబ్బు, ఓటీపీ, పాస్‌వర్డ్, క్వశ్చన్ పేపర్, స్టూడెంట్ లిస్ట్, ఈ ఐదిట్లో ఏది అడిగినా అడిగిన దారిలో కాకుండా ఇంకో దారిలో కనుక్కున్నాకే పని. మెయిల్‌లో అడిగితే ఫోన్ చేసి, ఫోన్‌లో అడిగితే మనిషి దగ్గరికి వెళ్ళి. ఇలా అడిగినందుకు నిజమైన వీసీ ఎవరూ కోప్పడగా నేను చూళ్ళేదు, మా వీసీ గారైతే ఆ సంఘటన తర్వాత ఆయనే స్టాఫ్ మీటింగ్‌లో "నేను ఎప్పుడూ గిఫ్ట్ కార్డులు అడగను, కాఫీ కూడా నేనే ఇప్పిస్తా" అని చెప్పుకున్నారు.

మెయిళ్ళ విషయానికొస్తే, టీచింగ్ వాళ్ళకి వచ్చే ఫిషింగ్, అంటే నమ్మించి పాస్‌వర్డ్ లాగే ఎర మెయిలు, బ్యాంకు వాళ్ళకి వచ్చేలా ఉండదు. మన రుచి తెలిసి వండుతారు. "మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది, 24 గంటల్లో అప్‌గ్రేడ్ చేసుకోండి", "మీ పేపర్ యాక్సెప్ట్ అయ్యింది, కాపీరైట్ ఫామ్ ఇక్కడ", "ఏడో పే కమిషన్ ఎరియర్స్ లిస్ట్ జతచేయబడింది". ఎరియర్స్ అంటే ఎవరి వేలు ఆగుతుందండి. అన్నిటికన్నా తెలివైనది లైబ్రరీ పేరుతో వచ్చేది. 2018 మార్చిలో అమెరికా న్యాయశాఖ తొమ్మిది మంది ఇరానియన్ల మీద కేసు పెట్టింది, అమెరికాలో 144, ఇంకో 21 దేశాల్లో 176 యూనివర్సిటీల్ని ఇలాగే కొట్టారని. సుమారు లక్ష మంది ప్రొఫెసర్లకి మెయిళ్ళు పెడితే 8 వేల మంది దాకా పడ్డారు. ఎరలు రెండు రకాలు. ఒకటి, ఇంకో యూనివర్సిటీ ప్రొఫెసర్ రాసినట్టు "మీ ఆర్టికల్ చదివా, చాలా బాగుంది, ఇంకో పేపర్ లింక్ పంపుతున్నా" అని, నొక్కితే మన యూనివర్సిటీ లాగిన్ పేజీలాంటిదే వస్తుంది, సెషన్ పోయిందేమో అనుకుని మళ్ళీ పాస్‌వర్డ్ కొడతాం. రెండోది, "మీ లైబ్రరీ అకౌంట్ గడువు అయిపోతోంది" అని. మన పేపర్ ఎవరో చదివారంటే మనకి ఎంత ఆనందమో వాళ్ళకి బాగా తెలుసు.

పంపినవాడి పేరు చూడకండి, అడ్రస్ చూడండి. ఫోన్‌లో మెయిల్ యాప్ పేరు మాత్రమే చూపిస్తుంది, ఆ పేరు మీద నొక్కితే అసలు అడ్రస్ బయటపడుద్ది. "రిజిస్ట్రార్" అని పేరుండి కింద ఏదో జీమెయిల్ ఉంటే అయిపోయింది. లింక్ అయితే https:// దాటాక వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దాకా చూసి అక్కడినుంచి వెనక్కి చదవండి, కుడి నుంచి ఎడమకి. చివర్లో మీ యూనివర్సిటీ పేరు, ఏసీ, ఇన్ అని వరసగా ఉంటే మనది. మీ యూనివర్సిటీ పేరు ముందెక్కడో ఉండి చివర్లో ఇంకేదో ఉంటే అది వాడి ఇల్లు, గుమ్మానికి మన బోర్డు తగిలించాడంతే. ఏసీ డాట్ ఇన్ పేర్లు ఎర్నెట్ ఇండియా ఒక్కటే ఇస్తుంది, అదీ విద్యాసంస్థలకే, కాబట్టి దారిన పోయేవాడికి దొరకదు. అలా అని ఏసీ డాట్ ఇన్ చూడగానే కళ్ళు మూసుకోవద్దు, ఇంకో కాలేజీలో ఎవరిదో అకౌంట్ దొంగిలించి అక్కడినుంచే మనకి పంపడం మామూలే, మాకు వచ్చినవాటిలో బాగా నమ్మించినవన్నీ అలా వచ్చినవే. గూగుల్ ఫామ్‌లో పాస్‌వర్డ్ అడిగితే మాత్రం ఇంకేం చూడక్కర్లేదు, ఫామ్‌ల ద్వారా పాస్‌వర్డులు ఇవ్వొద్దని గూగుల్ వాడే ఫామ్ అడుగున రాసి పెడతాడు, అయినా మా దగ్గర ఒక్క మధ్యాహ్నంలో పదకొండు మంది నింపారు, అందులో ఇద్దరు కంప్యూటర్ సైన్స్ వాళ్ళు. పేర్లు అడక్కండి.

ఒక్క క్లిక్‌కి ఏమవుద్దిలే అనుకునేవాళ్ళకి నేను నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ కథ చెప్తుంటా. 2019 అక్టోబర్‌లో అక్కడ ఒక ఫిషింగ్ మెయిల్ తెరిచారు. ఏమీ అవ్వలేదు. దొంగలు రెండు నెలలు లోపల తిరిగారు, ఏది ఎక్కడుందో చూసుకున్నారు, డిసెంబర్ 23న, సరిగ్గా క్రిస్మస్ సెలవుల ముందు, 267 సర్వర్లకి తాళం వేసేసి, తియ్యాలంటే డబ్బు కట్టమన్నారు. కొన్ని బ్యాకప్‌లు కూడా ఆ నెట్‌వర్క్‌లోనే ఉండటంతో అవీ పోయాయి. చివరికి యూనివర్సిటీ వాళ్ళు 30 బిట్‌కాయిన్లు, అప్పటి లెక్కలో దాదాపు 2 లక్షల యూరోలు కట్టారు. తమాషా ఏంటంటే పోలీసులు అందులో కొంత పట్టుకుని 2022లో తిరిగి ఇచ్చేసరికి బిట్‌కాయిన్ రేటు పెరిగి అది 5 లక్షల యూరోలైంది. అందరికీ అలా కలిసిరాదు లెండి. నాకు అందులో ముఖ్యం రెండు నెలల గ్యాప్. ఆ క్లిక్ చేసిన మనిషి ఆరోజే ఐటీ వాళ్ళకి గట్టిగా చెప్పగలిగితే, వాళ్ళు దాన్ని పట్టించుకుని చివరిదాకా తవ్వితే, కథ వేరేలా ఉండేదేమో.

పాస్‌వర్డ్ గురించి క్లుప్తంగా. ఊరి పేరు @123, పిల్లల పేరు, బండి నంబర్, ఇవన్నీ దొంగలకి మొదటి ఐదు నిమిషాల్లో వచ్చేవి. పొడుగ్గా పెట్టుకోండి, సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చెయ్యండి, గోంగూర, స్టీరింగ్, పిడుగు, అమ్మమ్మ, ఇలా అన్నమాట, ఇవే పెట్టుకోకండి మళ్ళీ. పాట పల్లవులు, సినిమా డైలాగులు వద్దు, అవి అందరికీ తెలుసు. యూనివర్సిటీ మెయిల్‌ది ఇంకెక్కడా వాడొద్దు, ఇది మాత్రం రాయి మీద గీత, ఎందుకంటే ఏదో కాన్ఫరెన్స్ రిజిస్ట్రేషన్ సైట్ లీకైతే అదే మెయిలు అదే పాస్‌వర్డ్ పట్టుకుని మన జీమెయిల్ తలుపు తడతారు. గుర్తుండట్లేదంటే పాస్‌వర్డులన్నీ తాళం వేసి దాచిపెట్టే బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోండి, ఉచితమే. అదీ చేతకాకపోతే ఇంట్లో బీరువాలో నోట్ బుక్‌లో రాసుకోండి, ఐటీ వాళ్ళు కొందరు నన్ను తిడతారు గానీ రష్యాలో కూర్చున్న దొంగ మీ బీరువా తియ్యలేడు కదా. కీబోర్డ్ కింద మాత్రం వద్దు. తొంభై రోజులకోసారి మార్చాలి అనే రూల్ మీ దగ్గర ఉంటే పాటించండి, తప్పదు, కానీ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఊరికే మార్పించొద్దని రాసింది, జనం చివర అంకె 1 తీసి 2 పెడతారని వాళ్ళకీ తెలుసు. లీకైందని అనుమానం వస్తే మాత్రం ఆ గంటలోనే మార్చాలి.

టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో కోడ్ కూడా అడిగేది, తప్పకుండా పెట్టుకోండి, ఎస్‌ఎంఎస్ కన్నా ఆ కోడ్ ఫోన్‌లోనే తయారుచేసే అథెంటికేటర్ యాప్ మేలు, బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టండి లేకపోతే ఫోన్ పోయినరోజు మీరే బయట నిలబడతారు. మీరు లాగిన్ అవ్వకుండా ఫోన్‌లో "ఇది మీరేనా" అని వస్తుంటే విసుగొచ్చి అవును నొక్కకండి, అది వచ్చిందంటేనే మీ పాస్‌వర్డ్ ఎవడి చేతికో పోయి ఉండొచ్చని అర్థం.

ఇప్పుడు క్లాస్‌రూమ్ పోడియం దగ్గరున్న కంప్యూటర్. మీరు పీపీటీ కోసం అక్కడ జీమెయిల్ తెరుస్తారు, బెల్ కొడతారు, తరవాత క్లాస్‌కి పరిగెడతారు, మీ మెయిల్ అలాగే ఉంటుంది, వెనక బెంచీ వాళ్ళు దేవుళ్ళేం కాదు. నాకు తెలిసి ఇంటర్నల్ మార్కుల షీటు ఒకటి అలాగే బయటికొచ్చింది, ఇన్‌స్టాలో చూసాం మేము. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి, లేదా ప్రైవేట్ విండోలో తెరిచి మూసెయ్యండి. సీట్లోంచి లేచినప్పుడల్లా విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కండి, వారం రోజులు చేస్తే చెయ్యే అలవాటు పడుద్ది, చెప్పులు వేసుకున్నట్టు. ప్రొజెక్టర్ పెట్టే ముందు వాట్సాప్ వెబ్ మూసెయ్యండి, ఒక మేడం గారి ఇంటి గొడవ అరవై మంది బీకాం పిల్లలు చదివారు తెర మీద, పాపం ఆవిడ వారం సెలవు పెట్టారు.

మీది ఎగ్జామ్ బ్రాంచ్ కూడా కాబట్టి క్వశ్చన్ పేపర్ దగ్గర కాసేపు ఆగుతా. చాలాచోట్ల ఇప్పుడు పేపర్ పరీక్షకి కాసేపు ముందు ఆన్‌లైన్‌లో పాస్‌వర్డ్‌తో సెంటర్‌కి వస్తుంది, అది గట్టిగానే ఉంటుంది. కారేది అంతకుముందు, పేపర్ తయారయ్యే చోట. తెలుగు మీడియం పేపర్లు ఉన్నాయనుకోండి, సెట్టర్ గారు చేత్తో రాసి క్యాంపస్ గేటు ఎదురుగా డీటీపీ షాపులో ఇస్తారు, అతను పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో "అను" తెలుగు ఫాంట్లతో కొట్టి ప్రింట్ ఇస్తాడు, ప్రూఫ్ చూసి చించేసి వచ్చామని మనం తృప్తి పడతాం. ఫైల్ అతని డెస్క్‌టాప్ మీద ఎకనామిక్స్ పేపర్ ఫైనల్ రెండు అనే పేరుతో నవ్వుతూ ఉంటుంది. పక్క కుర్చీలో మీ స్టూడెంటే అసైన్‌మెంట్ ప్రింట్ కోసం ఎదురు చూస్తుంటాడు. నేను వెళ్ళి చూసిన షాపులో మూడేళ్ళ పేపర్లున్నాయి, ఓనర్‌కి చెడు ఉద్దేశం ఏమీ లేదు, తీసెయ్యాలని ఎవరూ చెప్పలేదంతే. పేపర్ మీరే టైప్ చెయ్యండి, యూనికోడ్‌లో తెలుగు ఫోన్‌లో కొట్టినంత తేలిక ఇప్పుడు, ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టండి, ఆ పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో రాయకుండా ఫోన్‌లో చెప్పండి. ఇంగ్లీష్ బాగు చెయ్యమనో, మోడల్ ప్రశ్నలు అడుగుదామనో అసలు పేపర్‌ని ఏఐ చాట్‌బాట్‌లో పేస్ట్ చెయ్యకండి, అది బయటివాళ్ళ సర్వర్‌కి పోయినట్టే, రివ్యూకి వచ్చిన వేరేవాళ్ళ రీసెర్చ్ పేపర్లు కూడా అంతే. ఇక ఆ డీటీపీ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్ నేరుగా ఎగ్జామ్ బ్రాంచ్ సిస్టమ్‌లో పెట్టకండి, మా క్యాంపస్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ ఏటా సెమిస్టర్ పరీక్షల టైంలోనే వచ్చేది, హాల్‌టికెట్ ఫోటోలతో పాటు.

స్టూడెంట్ డేటా అంటే మన వాళ్ళకి ఏమీ కాదన్నట్టు ఉంటుంది. స్కాలర్‌షిప్ కోసం ఆధార్, బ్యాంక్ అకౌంట్, కులం, తండ్రి ఆదాయం అన్నీ ఒక గూగుల్ షీట్‌లో, లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అనే సెట్టింగ్‌తో, క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో. "మీ వివరాలు మీరే నింపుకోండి" అని. అరవై మంది ఆధార్ నంబర్లు అరవై మందీ చూస్తారు, ఆ గ్రూప్‌లో పాత స్టూడెంట్లు ఇంకా ఉంటారు. షీట్ కాదు ఫామ్ పెట్టండి, అప్పుడు ఎవరిది వాళ్ళకే కనిపిస్తుంది, జవాబులు మీ ఒక్కరికే వస్తాయి. ఆధార్ కాపీ కావాలంటే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ సరిపోద్దేమో ముందు కనుక్కోండి. ఎక్సెల్ పంపేముందు దాచిన కాలమ్‌లు చూడండి, హైడ్ చేసినంత మాత్రాన పోవు, ఎవడైనా రైట్ క్లిక్ కొడితే వచ్చేస్తాయి, నోటీసుకి పీడీఎఫ్ చాలు. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, డేటాకి సరైన రక్షణ పెట్టనందుకు 250 కోట్ల దాకా జరిమానా రాసారు అందులో. అది సంస్థ మీద లెండి, మీ జీతంలోంచి కట్ చెయ్యరు, కానీ సంజాయిషీ ఇవ్వమని వచ్చే మెమో మీ పేరు మీదే వస్తుంది. చట్టం పక్కన పెట్టినా, ఆ లిస్ట్‌లో ఫోన్ నంబర్లు చూసి "మీ స్కాలర్‌షిప్ పడింది, ఓటీపీ చెప్పండి" అని పిల్లలకి ఫోన్లు వస్తాయి, ఐదు వేలు పోతే ఆ ఇంట్లో నెల గడవదు.

అప్‌డేట్ల గురించి ఎవరికీ ఆసక్తి ఉండదు కాబట్టి ఒక్క సంగతి. 2017 మే 12న ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి, గుర్తుండే ఉంటుంది. దానికి మందు మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే, రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకోనివాళ్ళకే వచ్చింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, మీ టేబుల్ మీదున్నది అదే అయితే పొడిగించిన సపోర్ట్ తీసుకున్నారో లేదో ఐటీ సెల్‌కి మెయిల్ పెట్టి అడగండి, మెయిలే పెట్టండి నోటితో కాదు. క్రాక్ చేసిన, అంటే లైసెన్స్ లేని దొంగ కాపీ, ఎస్‌పీఎస్‌ఎస్ లాంటి గణాంకాల సాఫ్ట్‌వేర్, క్రాక్ చేసిన ఎంఎస్ ఆఫీసు, స్కాలర్లు తెచ్చి వేస్తారు, "ముందు యాంటీవైరస్ ఆపండి" అని అందులో రాసి ఉంటుంది. కాపలా కుక్కని కట్టేసి తలుపు తియ్యమంటే ఎందుకు అంటున్నాడో ఆలోచించాలి కదా. అదే గణాంకాల పనికి ఆర్, జామోవి ఉచితం, చాలామంది పీహెచ్‌డీ పనికి అవి సరిపోతాయి.

బ్యాకప్ మూడు చోట్ల పెట్టండి, అందులో ఒకటి తీసి పక్కన పెట్టిన హార్డ్ డిస్క్ అయ్యుండాలి, ఎప్పుడూ సిస్టమ్‌కే గుచ్చి ఉంచితే మాస్ట్రిక్ట్ వాళ్ళకి అయినట్టే దానికీ తాళం పడుద్ది. మా దగ్గర ఒక స్కాలర్ నాలుగేళ్ళ ఫీల్డ్ వర్క్ ఉన్న ల్యాప్‌టాప్ రాత్రి ట్రైన్‌లో పోయింది, బ్యాకప్ డిస్క్ కూడా అదే బ్యాగ్‌లో ఉంది.

ఇంత చెప్పినా ఒకరోజు మీరు నొక్కుతారు. నేనూ నొక్కా, 2016లో, కొరియర్ పేరుతో వచ్చింది, అమ్మ మందులు రావాల్సి ఉన్నాయి, చూస్కోకుండా నొక్కేసా. నొక్కాక ఏం చెయ్యాలంటే, నెట్ కేబుల్ పీకండి లేదా వైఫై ఆపండి, సిస్టమ్ ఆఫ్ చెయ్యొద్దు, ఐటీ వాళ్ళు వచ్చి చూసేదాకా అలాగే ఉంచండి. ఇంకో ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చండి, అన్ని డివైజుల నుంచి సైన్ అవుట్ కొట్టండి, తర్వాత మెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి, ఇది చాలామంది వదిలేస్తారు, పాస్‌వర్డ్ మార్చినా మన మెయిళ్ళన్నీ ఒక కాపీ వాడికి పోయేలా లోపల రూల్ పెట్టి వెళ్తారు. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ కూడా ఓసారి చూడండి. డబ్బు పోయి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, తర్వాతే బ్యాంకు, ఫ్రెండ్సు, ఏడుపు, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి అకౌంట్‌లో ఆగే అవకాశం అంత ఎక్కువ. గిఫ్ట్ కార్డుల ప్రొఫెసర్ గారిది ఒక కార్డు వాడు ఇంకా వాడుకోకముందే ఆపగలిగాం, మిగతా రెండూ పోయాయి.

ఐటీ సెల్‌కి ఆ గంటలోనే చెప్పండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం పెద్ద సంఘటన తెలిసిన 6 గంటల్లో సంస్థ వాళ్ళకి రిపోర్ట్ చెయ్యాలి, మీరు సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే వాళ్ళ చేతిలో ఏమీ ఉండదు. మళ్ళీ ఇక్కడా అడ్డొచ్చేది ఆ మొహమాటమే, "ఇంత చదువుకుని నొక్కాడు" అంటారేమో అని. అంటారు కూడా, క్యాంటీన్‌లో రెండు రోజులు అంటారు, మూడో రోజు డీఏ సంగతి మాట్లాడుకుంటారు.

హెచ్‌ఓడీ గారికి ఇవ్వాల్సిన ఆ లెటర్ తెలుగులో కావాలా ఇంగ్లీష్‌లోనా చెప్పండి, నా దగ్గర పాత డ్రాఫ్ట్ ఉంది, పేర్లు తీసేసి ఇక్కడే పెడతా.